ధర్మవిజయమా, లోభవిజయమా? గజపతులు, రాయలు, తిరుమలేశుని సన్నిధి

ప్రతి విజేతా తన యుద్ధాన్ని రక్షణమని, ప్రత్యర్థి యుద్ధాన్ని ఆక్రమణమని పిలుస్తాడు. ఈ పక్షపాతానికి లొంగని కొలత ఒకటి అర్థశాస్త్రం ద్వాదశాధికరణంలో ఉన్నది. దుర్బలుడైన రాజు తనపైకి దండెత్తి వచ్చే బలవంతుణ్ణి ఎట్లా గుర్తించాలో బోధిస్తూ కౌటిల్యుడు విజేతలను మూడు విధాలుగా విభజించాడు. శరణాగతితో తృప్తి చెందేవాడు ధర్మవిజయి. భూమిని, ధనాన్ని హరించేవాడు లోభవిజయి. భూధనాలతో పాటు పుత్రకళత్రాలను, ప్రాణాలను కూడా హరించేవాడు అసురవిజయి. ఆ విజేత ఏ దైవాన్ని అర్చిస్తాడన్న ప్రశ్న ఈ విభాగంలో లేదు.

తిరుమల పాదసీమ చూచిన ఒక మహావైరానికి ఈ కొలతను అన్వయించవచ్చు.

1435 ప్రాంతంలో సింహాసనమెక్కిన కపిలేంద్ర గజపతి పురీ జగన్నాథుని సేవకుడు. ఆయన సైన్యాలు 1454లో కొండవీటిని, తరువాత ఉదయగిరిని వశపరచుకొని, 1464 నాటికి కాంచీపురాన్ని దాటి దక్షిణానికి సాగాయి. చంద్రగిరి కేంద్రంగా ఎదిగిన సాళువ నరసింహుడు ఎదురు నిలిచినప్పటికీ, చివరకు ఉదయగిరి పురుషోత్తమ గజపతి చేతికే దక్కింది. ఆ గజపతి విద్యానగరాన్ని జయించి సాక్షిగోపాలుని కటకానికి తరలించాడని చైతన్యచరితామృతం చెబుతున్నది.

1513లో శ్రీకృష్ణదేవరాయలు వేంకటేశ్వరుని దర్శించి రత్నకిరీటం సమర్పించాడు. ఆ కాలంలోనే ఉదయగిరి ముట్టడి సాగింది. సుదీర్ఘమైన ఆ ముట్టడి అనంతరం 1514లో దుర్గం లొంగగా, విజయనగరానికి మరలే దారిలో రాయలు మరల కొండనెక్కి 30,000 బంగారు నాణేలతో స్వామికి కనకాభిషేకం చేశాడు. విజయాన్ని, సమర్పణను తిరుమల శాసనం ఒకేచోట పేర్కొంటున్నది. ఉదయగిరి నుండి బాలకృష్ణ విగ్రహం కూడా తరలివెళ్లి, 1515లో విజయనగరంలోని కృష్ణాలయంలో ప్రతిష్ఠితమైంది.

సామ్యం స్పష్టమే. గజపతి గోపాలుని తీసుకొనిపోయాడు. రాయలు బాలకృష్ణుని తీసుకొనివచ్చాడు. ఒకనిది అపహరణమైతే రెండవవానిది భక్తి ఎట్లా అవుతుంది?

"రాయలు పూర్వం తనవారివైన దుర్గాలనే తిరిగి గ్రహించాడు" అని సమాధానం వినిపిస్తుంది. ఉదయగిరి విషయంలో అది సత్యమే. కాని కొండవీడు మూలతః రెడ్డిరాజుల రాజధాని. ఇరుపక్షాలూ దానిని బలంతోనే పొందాయి. 1515లో కొండవీడు లొంగిన పిమ్మట కూడా రాయలు ఆగలేదు. కృష్ణానదిని దాటి, సింహాద్రిని దాటి, పొట్నూరులో జయస్తంభం నాటాడు. పోయినదానిని తిరిగి పొందటం అక్కడ ముగిసి, జయకాంక్ష ఆరంభమైంది.

అయితే ఆ యాత్రలోనే మరొక ముఖం కూడా కనిపిస్తుంది. 1516లో సింహాచలంలో, శత్రురాజ్యంలోని స్వామికి రాయలు దేవేరులతో కలసి ఆభరణాలు సమర్పించాడు. సంధి కుదిరినప్పుడు కృష్ణకు ఉత్తరాన ఉన్న భూమిని గజపతికే తిరిగి ఇచ్చివేశాడు. ధర్మవిజయి లక్షణం ఈ ప్రత్యర్పణలో కనిపిస్తుంది. ఆ సంధికి ముద్రగా గజపతి కుమార్తెతో వివాహం జరిగింది. ఆమె మనోగతాన్ని ఏ శాసనమూ అడుగలేదు. కనుక ఒక్క మనిషిలోనే, ఒక్క దండయాత్రలోనే ధర్మలోభాలు పెనవేసుకొని ఉంటాయి. గజపతుల విషయంలోనూ ఇదే న్యాయం వర్తించాలి.

గీతోపదేశం యుద్ధాన్ని నిషేధించలేదు. "నేనే కర్తను" అనే అహంకారాన్ని నిషేధించింది. ఇరువంశాలకూ ఈ ఉపదేశం పరోక్షంగా తెలిసినదే. రథయాత్రలో గజపతి స్వర్ణమార్జనితో జగన్నాథుని రథాన్ని ఊడుస్తాడు. తిరుమల ఆలయంలో తిరుమలదేవి, చిన్నాదేవి ఇరుప్రక్కల ఉండగా, రాయల లోహప్రతిమ అంజలి ఘటించి నిలిచి ఉన్నది. 1541 నాటికి గజపతుల వంశం అస్తమించింది. 1565లో విజయనగరం కూలింది. వారి శేషరాజ్యానికి ఆశ్రయమైన చంద్రగిరిని కూడా 1646లో గోల్కొండ గ్రహించింది.

ఆ ప్రతిమ ముందునుండి సాగే భక్తుడు రాయల జయాలకు గర్వించటం సహజమే. కాని స్వపక్షానికి ఒక కొలత, పరపక్షానికి మరొక కొలత పెట్టుకొన్నవానికి చరిత్ర ధర్మాన్ని బోధించలేదు. సమత్వం యోగమని అంగీకరించే సాధకుడు దానిని మొదట పరీక్షించుకోవలసినది తాను అభిమానించే రాజు విషయంలోనే.