కళింగపట్నం తీరానికి తుఫాను కబురు

ఉత్తరాంధ్ర తీరంలో తుఫాను కబురు చాలాకాలం కంటికి కనబడే గుర్తు. కళింగపట్నం, భీమునిపట్నం వంటి రేవుల్లో పగలు స్తంభానికి శంకువులు, పీపా ఆకారాలు కట్టేవారు. రాత్రి దీపాలు వెలిగించేవారు. ఒకటి నుంచి పదకొండు దాకా ఉన్న ఆ నంబర్లు ఒడ్డున ఉన్నవారిని కాపాడేవి. అప్పటికే చేపల వేటకు వెళ్ళినవారికి అవి కనబడేవి కావు.

1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచింది. 1983లో ఇన్సాట్-1బి ఉపగ్రహం కక్ష్యలోకి చేరాక, తీరప్రాంత కార్యాలయాల్లోని రిసీవర్లలో సైరనుతో పాటు స్థానిక భాషలో హెచ్చరిక వినిపించే ఏర్పాటు వచ్చింది. అదీ ఒడ్డు వరకే. సెల్‌ఫోన్ సిగ్నల్ కూడా సముద్రంలో 10–12 కిలోమీటర్లు దాటితే అందడం కష్టం. 2017లో ఓఖీ తుఫాను నడిసముద్రంలో ఎందరో మత్స్యకారులను బలిగొంది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. నడిసముద్రంలోనూ హెచ్చరిక అందుకునేలా, హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఎయిర్‌పోర్ట్స్ అథారిటీతో కలిసి తయారుచేసిన జెమిని పరికరం 2019 అక్టోబరు 9న విడుదలైంది.

జెమినికి కబురు గగన్ అనే వ్యవస్థ ఉపగ్రహాల నుంచి వస్తుంది. 1575.42 మెగాహెర్ట్జ్ తరంగం దశను 180 డిగ్రీలు తిప్పడమే అందులోని రాత: ఒక దశ సున్నా, తిరగబడిన దశ ఒకటి. సుమారు 36,000 కిలోమీటర్లు దాటివచ్చే ఆ తరంగం రిసీవరులోని రొదకన్నా బలహీనంగా ఉంటుంది. అందుకే రిసీవరు ముందుగా తనకు తెలిసిన 1,023 అంకెల కోడును వచ్చిన కోడుతో సరిపోల్చి, సంకేతాన్ని రొదలోంచి పైకి తెస్తుంది.

దశ తిరిగిందని చెప్పాలంటే పోల్చడానికి తిరగని తరంగం ఒకటి కావాలి. సున్నాలు, ఒకట్లు దాదాపు సమానంగా వస్తే అసలు తరంగం వాటి మధ్య రద్దయిపోతుంది. దాన్ని రిసీవరే తిరిగి పుట్టించుకునే పద్ధతిని 1956లో జాన్ కోస్టాస్ వివరించారు. అందులో వచ్చిన సంకేతాన్ని 90 డిగ్రీల తేడా ఉన్న రెండు స్థానిక తరంగాలతో వేర్వేరుగా గుణిస్తారు. మొదటి శాఖలో బిట్టు, అంటే ఆ సున్నా లేదా ఒకటి, తేలుతుంది. రెండు శాఖల ఫలితాలను మళ్ళీ గుణిస్తే బిట్టు గుర్తు పోయి, దశలోని పొరపాటు మాత్రమే మిగులుతుంది. అది స్థానిక తరంగాన్ని సరిదిద్దుతూ ఉంటుంది కనుక, నావ ఊగినా పట్టు తప్పదు.

అయినా ఒక చిక్కు ఉంది. పట్టు 180 డిగ్రీలు తలకిందులుగా దొరికితే సున్నాలన్నీ ఒకట్లవుతాయి. సెకనుకు ఒకటిగా వచ్చే 250 బిట్ల సందేశాల మొదట్లో, ముందే నిర్ణయించిన ఎనిమిది బిట్ల వరుస ఉంటుంది. అది తిరగబడి కనిపిస్తే మొత్తం సందేశాన్ని తిరగేయాలి. చివరి 24 బిట్లు తప్పులను పట్టిస్తాయి. ఆ పరీక్ష నెగ్గిన కబురే బ్లూటూత్ ద్వారా ఫోనుకు చేరి, ప్రాంతీయ భాషల్లో కనబడుతుంది. రేవు స్తంభం కనుచూపు దాటిన నావకు తుఫాను సంగతి అలా తెలుస్తుంది.