అల్-మహల్లా అల్-కుబ్రా: మిల్లు పెంచిన పట్టణం

మన ఊళ్ళలో వాడుకలో ఉన్న 'మొహల్లా' అనే మాట అరబ్బీ 'మహల్లా' నుండి వచ్చినదే. జనం దిగి, నివాసమేర్పరచుకొన్న చోటు అని దాని భావం. ఈజిప్టులోని నైలు డెల్టాలో ఒక పట్టణం పేరే 'అల్-మహల్లా అల్-కుబ్రా', అనగా 'పెద్ద మహల్లా'. ఆవిరి యంత్రాలు రాకపూర్వమే అది నేతగాళ్ళ ఊరు.

19వ శతాబ్దంలో ఈజిప్టు రైతు పండించిన ప్రత్తి లాంకషైర్ మిల్లులకు తరలిపోయేది. బట్టగా మారి తిరిగి ఈజిప్టు బజారుకే వచ్చేది. 1919 విప్లవానంతరం ఈ పరాధీనతను తెంచాలనే సంకల్పంతో తలఅత్ హర్బ్ 1920లో బ్యాంక్ మిస్ర్‌ను స్థాపించారు. 'మిస్ర్' అంటే ఈజిప్టు. ఆ బ్యాంకే 1927లో మహల్లాలో నూలు, నేత కంపెనీని నెలకొల్పింది. 1930లో దిగుమతి సుంకాలు పెరగడం దానికి అండ అయింది. రెండవ ప్రపంచ యుద్ధం ముగిసేనాటికి అందులో సుమారు 25,000 మంది పనిచేస్తున్నారు.

వారిలో అధికులు చుట్టుప్రక్కల పల్లెల రైతుబిడ్డలు. బాల్యంలోనే ఆ మిల్లులో చేరిన ఫిక్రీ అల్-ఖూలీ తన అనుభవాలను 'అర్-రిహ్లా' (ప్రయాణం) అనే గ్రంథంగా వ్రాశారు. పల్లెవారు ఇరుకు గదుల్లో గుంపులుగా తలదాచుకొనేవారు. పాత పట్టణవాసులు వారిని పరాయివారిగా చూసేవారు, ఘర్షణలూ జరిగేవి. ఒకే ఊరిలో రెండు ఊళ్ళు ఏర్పడ్డాయి.

1938లో నేత కార్మికులు పీసు రేటు పెంచమని సమ్మె చేశారు. విచారించిన న్యాయస్థానం, అన్నం పెట్టిన కంపెనీ పట్ల కర్తవ్యం మరచారని వారినే మందలించింది. విదేశీ పెత్తనంపై ఎత్తిన జాతీయ నినాదం ఈసారి స్వదేశీ శ్రామికుని నోరు మూయించేందుకు ఉపయోగపడింది! 1960లో మిల్లు జాతీయమైనా వివాదం ముగియలేదు. 2006 డిసెంబరులో, వాగ్దానం చేసిన బోనసు అందక 20,000కు పైగా కార్మికులు పని నిలిపివేశారు. ముందుగా బయటికి వచ్చినవారు స్త్రీలే.

అనువాదకునిగా నన్నొక మాట ఆలోచింపజేస్తుంది. కంపెనీని అరబ్బీలో 'షరికా' అంటారు. మన ఉర్దూ 'షిర్కత్' కూడా ఆ ధాతువు నుండి పుట్టినదే, అర్థం భాగస్వామ్యం. మహల్లా పెరిగింది, ఈజిప్టు తన బట్ట తాను నేసుకొన్నది. ఇది చిన్న విజయం కాదు. అయితే నేసిన చేతులకు అందులో న్యాయమైన భాగం దక్కిందా అన్నది కూడా చరిత్రకారుడు అడుగవలసిన ప్రశ్నే.