సాంబ మసూరి నుంచి కమల వరకు: జన్యు సవరణ, గింజ నాణ్యత

పంట నాణ్యతను పెంచడమంటే దానికి లేని గుణాన్ని చేర్చడమేనని సాధారణంగా భావిస్తారు గాని, సాంబ మసూరి వంటి వరి విషయంలో ఉన్న నాణ్యత చెడకుండా తక్కిన లోపాలను సరిదిద్దడమే ఎక్కువ కష్టమైన పని. 1986లో బాపట్ల నుంచి విడుదలై, రైతుల నోట బీపీటీగా స్థిరపడిన ఈ రకం సన్నని గింజకు, పొడిపొడిగా ఉడికే అన్నానికి పేరుపొందింది. దాదాపు అయిదు నెలల పంటకాలం, తెగుళ్లకు లొంగే స్వభావం దాని బలహీనతలు.

సంకరణంలో కోరిన జన్యువు వెంట కోరని జన్యువులు కూడా వచ్చి చేరతాయి కనుక, గింజ గుణాన్ని తిరిగి రాబట్టడానికి సంతతిని తరతరాలుగా మూల రకంతోనే మళ్లీ సంకరించవలసి వస్తుంది. హైదరాబాదులోని సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర కేంద్రం), భారతీయ వరి పరిశోధన సంస్థ కలిసి బాక్టీరియా ఎండాకు తెగులును తట్టుకునే మూడు జన్యువులను చేర్చి రూపొందించిన మెరుగైన సాంబ మసూరి (2008) ఇటువంటి ఓపికకు ఫలితమే.

జన్యు సవరణ మార్గం వేరు. క్రిస్పర్ పద్ధతిలో ఒక మార్గదర్శక ఆర్‌ఎన్‌ఏ, కత్తెర వంటి కాస్ ప్రోటీన్‌ను డీఎన్‌ఏలో నిర్ణీత స్థలానికి చేర్చి అక్కడ తెంపిస్తుంది. కణం ఆ తెగిన చోటును అతికించుకొనేటప్పుడు ఏర్పడే చిన్న మార్పు వల్ల జన్యువు పని ఆగిపోవచ్చు. ఇందుకు వాడిన బయటి డీఎన్‌ఏ లేని మొక్కలను తరువాతి తరాల్లో ఏరుకుంటారు. భారతీయ వరి పరిశోధన సంస్థ ఈ మార్గంలోనే సాంబ మసూరి నుంచి రూపొందించిన డీఆర్ఆర్ ధాన్ 100 (కమల) రకాన్ని 2025 మే నెలలో కేంద్ర ప్రభుత్వం ప్రకటించింది. కణ విభజనను ప్రేరేపించే సైటోకైనిన్ అనే హార్మోన్‌ను విచ్ఛిన్నం చేసే ఎంజైమ్ జన్యువును ఇందులో సవరించడంతో, కంకిలో ఆ హార్మోన్ నిలిచి గింజల సంఖ్య పెరుగుతుంది. ఇదే జన్యువు బలహీనపడిన హబటాకి అనే వరి రకంలో గింజలు ఎక్కువగా ఉంటాయని జపాన్ శాస్త్రజ్ఞులు 2005లోనే చూపారు. అంటే ఈ సవరణ ప్రకృతిలో ఇదివరకే జరిగిన మార్పుకు సన్నిహితమైనదే. పరాయి జన్యువు మిగలని ఇటువంటి మొక్కలకు 2022లో కేంద్రం జన్యుమార్పిడి పంటల నియమాల్లో కొన్నింటి నుంచి మినహాయింపు ఇవ్వడానికి ఆధారం కూడా ఈ లక్షణమే.

అయితే వంట గుణాన్నే నేరుగా మార్చదలచినప్పుడు జన్యువును పూర్తిగా ఆపడం పనికిరాదు. బియ్యపు పిండిపదార్థంలో అమైలోజ్ అనే భాగం తగినంత ఉంటే మెతుకులు విడివిడిగా నిలుస్తాయి, తగ్గితే అతుక్కుంటాయి. దాన్ని తయారుచేసే వాక్సీ జన్యువును నిలిపివేస్తే బంకబియ్యం వస్తుంది. పప్పు, పులుసు కలుపుకొని తినే తెలుగువారి భోజనానికి అది సరిపడదు. దీనికి భిన్నంగా చైనా పరిశోధకులు జన్యువు జోలికి పోకుండా, దాని పనితీరు స్థాయిని నిర్ణయించే ముందు భాగాన్ని సవరించి, అమైలోజ్‌ను అంచెలంచెలుగా తగ్గించిన వరి మొక్కలను పొందగలిగారు. నాణ్యత పరిశోధన నిజంగా సాగవలసిన దిశ ఇదే.

కమల దిగుబడి 19 శాతం ఎక్కువని, మూల రకం కంటె సుమారు 20 రోజుల ముందు కోతకు వస్తుందని ప్రకటించారు. పంటకాలం తగ్గితే నీరు మిగులుతుంది, ఇది చిన్న లాభం కాదు. కాని కంకికి గింజలు పెరిగినప్పుడు అన్నీ నిండుగా పాలు పోసుకుంటాయా, మరపట్టాక నూక శాతం ఎంత, నిల్వ బియ్యం పాత బీపీటీలాగే ఉడుకుతుందా అన్నవి రైతుకు ధర నిర్ణయించే అంశాలు కనుక, దిగుబడి లెక్కలతోపాటు వీటి ఫలితాలను కూడా ప్రాంతాలవారీగా బహిరంగపరచడం అవసరం.