పని లేని పిల్లలూ, లోకం నోరూ

"కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయి" అన్నారు మన పెద్దలు. మాట నిజమే. కాని పని దొరక్క కూర్చున్నవాణ్ణీ, పని చేయనని కూర్చున్నవాణ్ణీ ఒకే గాటన కట్టేస్తే అన్యాయం జరుగుతుంది. ఈ తేడా గ్రహించడానికి ఇంగ్లండుకు నూరేళ్ళకు పైగా పట్టింది. ఆ చరిత్ర మనకూ పనికొస్తుంది.

1834లో అక్కడ బీదల చట్టాన్ని మార్చారు. ఒంట్లో సత్తువ ఉండి సాయం అడిగేవాడు వర్క్‌హౌస్‌లో చేరవలసిందేనన్నారు. బయట అతి తక్కువ కూలి తెచ్చుకునేవాడి బతుకు కన్నా లోపలి బతుకు హీనంగా ఉండాలన్నది సూత్రం. అంటే బీదతనం నేరం, దానికి శిక్ష ఉండాలన్నమాట!

1911లో లాయిడ్ జార్జి ఆర్థిక మంత్రిగా ఉండగా జాతీయ బీమా చట్టం వచ్చింది. ఓడలు కట్టేవారు, యంత్రాల పనివారు, ఇళ్ళు కట్టేవారు మొదలైన సుమారు 22 లక్షల మందికి అది వర్తించింది. కార్మికుడు, యజమాని, ప్రభుత్వం ముగ్గురూ చందా కట్టాలి. పని పోతే వారానికి 7 షిల్లింగులు, ఏడాదిలో 15 వారాల దాకా ఇస్తారు. ఇది భిక్ష కాదు, కట్టిన డబ్బుకు దక్కే హక్కు. అయినా మొదటి ప్రపంచయుద్ధం తరువాత జనం దానికి "డోల్" అని పేరు పెట్టారు. ధర్మంగా పంచిపెట్టేది అని ఆ మాటకు పాత అర్థం. చిన్నచూపు పేరులోనే ఉంది.

1921 నుంచి "నిజంగా పని వెతుకుతున్నాను" అని రుజువు చేసుకోవలసి వచ్చింది. ఊళ్ళో పని ఉందా లేదా అన్న ప్రశ్న వెనక్కి పోయింది. 1930లో ఆ నిబంధన తీసేశారు గాని, 1931లో అంతకన్నా గట్టిది వచ్చింది. ఇంటిల్లిపాది ఆదాయమూ లెక్కగట్టి భత్యం కోసేవారు. కొడుకు నాలుగు డబ్బులు తెస్తే తండ్రి భత్యం తగ్గేది. తండ్రి సంపాదిస్తే నిరుద్యోగి కొడుక్కి కోత పడేది. ఇంటివాళ్ళకు బరువు కాకూడదని ఇల్లు విడిచి వేరే గదుల్లో తలదాచుకున్న యువకులున్నారు. తిండి పెట్టే చట్టమే సంసారాన్ని చీల్చింది.

1933 తొలి నెలల్లో నిరుద్యోగులు దాదాపు 30 లక్షలు. తరువాత రెండవ ప్రపంచయుద్ధం వచ్చింది. ఫ్యాక్టరీలకు మనుషులు కావలసి వచ్చారు. కొన్నేళ్ళలో నిరుద్యోగం దాదాపు మాయమైంది. మరి అంతమంది సోమరులూ ఏమైపోయారు? పని దొరికింది, పనికి పోయారు. అంతే!

ఈ పాఠం చూసే 1942లో బెవరిడ్జి తన నివేదికలో, పని లేకపోవడాన్ని దేశం జయించవలసిన అయిదు భూతాల్లో ఒకటిగా చెప్పాడు. 1948 జూలై 5 నుంచి కొత్త బీమా అమలైంది.

కాని లోకం జ్ఞాపకం పొట్టిది. 1982 నాటికి నిరుద్యోగులు మళ్ళీ 30 లక్షలు దాటారు. వారిలో బడి విడిచిన కుర్రకారు ఎందరో. 1981లో అల్లర్లు జరిగాక నార్మన్ టెబ్బిట్ అనే మంత్రి, 1930లలో తన తండ్రి అల్లరి చేయలేదనీ, సైకిలెక్కి పని వెతుక్కున్నాడనీ సభలో అన్నాడు. నాటి నుంచి ఆ సైకిలు కుర్రాళ్ళకు దెప్పిపొడుపైంది. బర్మింగ్‌హాం యువకులు కొందరు మాత్రం నిరుద్యోగ భత్యం ఫారం నంబరునే తమ పాటల బృందానికి పేరుగా పెట్టుకున్నారు. అదే యూబీ40.

1988లో 16, 17 ఏళ్ళవారిలో చాలామందికి భత్యం తీసేసి, శిక్షణలో చేరమన్నారు. 1998లో, ఆరు నెలలుగా భత్యంపై ఉన్న 18–24 ఏళ్ళవారికి ఉద్యోగమో, చదువో, సేవో ఏదో ఒకటి చూపే పథకం పెట్టారు. ఊరికే ఇంట్లో ఉంటానంటే కుదరదన్నారు. అయితే దారి చూపి అడగడం వేరు, దారి చూపకుండా తిట్టడం వేరు.

మన ఆంధ్రప్రదేశ్‌లోనూ 2018 అక్టోబరులో యువనేస్తం పేరుతో నిరుద్యోగ యువతకు నెలకు 1,000 రూపాయలు ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు పాత మాటే వినబడింది: "ఊరికే ఇస్తే పిల్లలు చెడిపోతారు!" వెయ్యి రూపాయలతో నెలంతా కూర్చుని తినగలవాడెవడు? దరఖాస్తుకూ, బస్సు ఛార్జీకీ, పరీక్ష ఫీజుకూ తండ్రి ముందు చెయ్యి చాచే బాధ ఆ ఇంటివాళ్ళకే తెలుసు.

సోమరులు లేరని కాదు, ఏ కాలంలోనైనా కొందరుంటారు. కాని ఒకే ఏడు లక్షలమందికి సోమరితనం పట్టదు. కనుక మన వీధి అరుగు మీద డిగ్రీ చదివిన కుర్రాడు కనబడితే, "ఇంకా ఖాళీయేనా బాబూ?" అని అడగడం మాని, "ఏం పని వచ్చు, ఎక్కడ చెప్పమంటావు?" అని అడుగుదాం.