ఊరిగాం గనులు – బిడ్డల సంరక్షణ – స్త్రీల సమానత్వం

కోలారు బంగారు గనుల చరిత్ర అనగానే జాన్ టేలర్ సంస్థ, 1902లో శివనసముద్రం నుండి వచ్చిన విద్యుత్తు, 2001 ఫిబ్రవరి 28న గనుల మూత గుర్తుకు వస్తాయి. ఇది గనిలోకి దిగిన తండ్రుల చరిత్ర. ఆ వేళ ఇంట బిడ్డను ఎవరు చూశారన్నది కూడా చరిత్రలో భాగమే.

1952 నాటి గనుల చట్టం 46వ సెక్షను స్త్రీలను భూగర్భంలో పనికి నియమించరాదని శాసించింది. ఉపరితలంపైన కూడా వారికి ఉదయం 6 నుండి రాత్రి 7 గంటల మధ్యనే పని. రక్షణ పేరుతో చేసిన ఈ నిబంధన వలన ఊరిగాం, ఛాంపియన్ రీఫ్, మారికుప్పం గనుల లోపలి కొలువులు పురుషులకే దక్కాయి.

అదే చట్టం 58వ సెక్షను ఆరేళ్ల లోపు పిల్లలకు ప్రత్యేక గదులు ఏర్పరచే నిబంధనలకు అవకాశమిచ్చింది. అయితే స్త్రీలు పనిచేసే గనులలో, ఆ స్త్రీల పిల్లలకు మాత్రమే! గని కార్మికుని బిడ్డ ఆ లెక్కలోకి రాలేదు. బిడ్డ బాధ్యత తల్లిదేనన్న సమాజపు అభిప్రాయమే చట్టంలో అక్షరరూపం దాల్చింది.

1948 నాటి ఫ్యాక్టరీల చట్టమూ శిశుసంరక్షణ గదిని స్త్రీ కార్మికుల సంఖ్యకే ముడిపెట్టింది. ఇందువలన స్త్రీని పనిలోకి తీసుకోవడమే అదనపు ఖర్చుగా యజమానికి తోచే ప్రమాదం ఏర్పడింది. 2017 నాటి ప్రసూతి ప్రయోజన సవరణ స్త్రీ పురుష భేదం లేకుండా 50 మంది ఉద్యోగులను లెక్కలోకి తీసుకోవడం మంచి మార్పు. కాని రోజుకు నాలుగుసార్లు బిడ్డను చూసివచ్చే హక్కును మాత్రం తల్లికే ఇచ్చింది. 2019లో సాంకేతిక, పర్యవేక్షక, నిర్వాహక ఉద్యోగాలలో స్త్రీలు పగటివేళ భూగర్భంలోకి దిగడానికి కేంద్రం అనుమతించింది. అప్పటికి ఊరిగాం గనులు మూతపడి 18 ఏళ్లు.

గనులు పోయాక ఇక్కడి స్త్రీ పురుషులెందరో మారికుప్పం నుండి బయలుదేరే రైళ్లలో బెంగళూరుకు పనికి వెళ్లసాగారు. 1975లో ఆరంభమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకపు అంగన్‌వాడీలు పోషణకు, పూర్వప్రాథమిక విద్యకు ఉద్దేశించినవి. దూరప్రయాణం చేసే తల్లిదండ్రుల పనివేళలకు అవి సరిపోవు. ఇక చంటిబిడ్డ భారం అవ్వపైనో, బడికి వెళ్లవలసిన అక్కపైనో పడుతుంది.

ఉపాధ్యాయ మిత్రులారా, ఆడపిల్ల తరచుగా బడి మానితే ఇంట తమ్ముడినో చెల్లెలినో ఎవరు చూస్తున్నారో విచారించండి. తల్లిదండ్రుల సమావేశానికి తండ్రిని కూడా పిలవండి. తండ్రులారా, బిడ్డను ఎత్తుకోవడం తల్లికి చేసే సాయం కాదు, మీ పని కూడా. కొడుకులు దానిని మిమ్మల్ని చూసే నేర్చుకుంటారు.