ఎర్ర సిరా ఏ భాషలో ఆలోచిస్తుంది?

మాది దొనకొండ. గుంటూరు–గుంతకల్లు లైను మీటర్ గేజిగా ఉన్న రోజుల్నించీ రైల్వే ఊరు. టేషను, గార్డు, సిగ్నలు లాంటి మాటలు మా అవ్వకీ తెలుసు. అవి ఇంగ్లీషని మాత్రం ఆవిడకి తెలీదు. నాకు ఇంగ్లీషంటే ఎర్ర సిరాయే.

ఇంటికి దూరంగా హాస్టల్లో చదివేటప్పుడు "ఐ యామ్ హావింగ్ టూ బ్రదర్స్" అని రాస్తే మా తెలుగాయన ఇంగ్లీషు సారు రెండు గీతలు కొట్టి మార్కు కోసేశారు. "ఐ హావ్ ఎ డౌట్" అని రాస్తే మాత్రం హాయిగా టిక్కు పెట్టారు. ఉద్యోగంలో చేరాక ఆ రెండో వాక్యమే అమెరికా క్లయింటుకి మెయిల్లో రాశాను. నేను అడగబోయింది ఒక చిన్న ప్రశ్న. ఆయనకి అర్థమైంది 'మీ డిజైను మీద నాకు నమ్మకం లేదు' అని! హావింగులు ఎన్ని రాసినా ఆయన ఎప్పుడూ పట్టించుకోలేదు.

ఇది నా ఒక్కడి గొడవే అనుకున్నా. కాదట. 1982లో ఆర్థర్ హ్యూస్, క్రిసూలా లాస్కరాటూ అనే ఇద్దరు గ్రీసు విద్యార్థుల ఇంగ్లీషు తప్పుల్ని మూడు రకాల వాళ్ళకి చూపించారు. గ్రీకు టీచర్లు రూలు తప్పిన చోట గట్టిగా కోత పెట్టారు. టీచర్లు కాని ఇంగ్లీషువాళ్ళు 'అర్థమైందా, లేదా' అనేదే దాదాపుగా చూశారు. ఇంగ్లీషు మాతృభాషైన టీచర్లు రెండూ చూశారు.

2001లో లింగ్ షీ చైనా విద్యార్థుల వ్యాసాలు 10 తీసుకుని 46 మంది టీచర్లతో దిద్దించారు. సగం మంది చైనావాళ్ళు, సగం మంది ఇంగ్లీషువాళ్ళు. మార్కుల్లో పెద్ద తేడా రాలేదు, చెప్పిన కారణాల్లో వచ్చింది. ఇంగ్లీషువాళ్ళు విషయాన్నీ భాషనీ మెచ్చుకుంటే, చైనా టీచర్లు వ్యాసం అమరికలో, నిడివిలో లోపాలు ఎంచారు.

నాకు తోచిన కారణం ఇదీ. మా సారు తెలుగాయన కాబట్టి నేనేం రాసినా ఆయనకి అర్థమైపోతుంది. ఇక కనపడేది రూలు ఒక్కటే. పాపం, ఆయనా రూళ్ళతోనే నేర్చుకున్నారు.

మన భాషలోనూ ఈ తగువు పాతదే. మద్రాసు విశ్వవిద్యాలయంలో తెలుగు వ్యాసరచన ఏ భాషలో ఉండాలన్న చర్చలో గ్రాంథికం వైపు మొగ్గిన ఉపసంఘంతో విభేదించి, వాడుకభాష కోసం 1914లో అసమ్మతి పత్రం రాసింది గురజాడ. తమాషా ఏంటంటే, అది ఆయన రాసింది ఇంగ్లీషులో!

దిద్దేవాడు ఏ భాషలోంచి వచ్చాడో పిల్లాడికి తెలీదు. తనకి ఇంగ్లీషు రాదనే అనుకుంటాడు. నేనూ చాలా ఏళ్ళు అలాగే అనుకున్నా. మన కోడుకి ఇద్దరు రివ్యూయర్లు కావాలంటాం కదా, వాడి వ్యాసానికి ఒక్కరు చాలంటారా?