ఆగిపోయిన పాటను పూర్తి చేసేదెవరు?



హళ్ళిఖేడ్ (బి) వాళ్ళకు హుమ్నాబాద్ పక్కనున్న మాణిక్‌నగర్ కొత్త కాదు. దత్త జయంతికి అక్కడ జరిగే సంగీత దర్బారూ కొత్త కాదు. మాణిక్ ప్రభువు 1865లో సమాధి చెందారు. ఎడిసన్ ఫోనోగ్రాఫు వచ్చింది 1877లో. అందుకే ఆయన పదాలు మనకు దక్కాయి గాని, గొంతు దక్కలేదు. ఇవాళ నేను చెప్పబోయేది దీనికి తిరగేసిన కథ. ఇక్కడ గొంతు మిగిలింది. పాటలే పూర్తి కాలేదు.

జిమీ హెండ్రిక్స్ 1942లో అమెరికాలోని సియాటిల్‌లో పుట్టాడు. ఎడమచేతివాటం మనిషి. కుడిచేతివాళ్ళ గిటారునే తిరగేసి పట్టి వాయించేవాడు. నల్లజాతివారి బ్లూస్ పాటకు ఎలక్ట్రిక్ గిటారు హోరునూ, కలవరింతల్లాంటి వింత ధ్వనులనూ జోడించాడు. 1967, 68 సంవత్సరాల్లో మూడు స్టూడియో ఆల్బమ్‌లు వెలువడ్డాయి. 1970 ఆగస్టులో న్యూయార్కులో ఆయన సొంత స్టూడియో 'ఎలక్ట్రిక్ లేడీ' ప్రారంభమైంది. సెప్టెంబరు 18న లండన్‌లో కన్నుమూశాడు. అప్పటికి 27 ఏళ్ళు.

కొత్త ఆల్బమ్ సగంలో ఉంది. టేపులు మిగిలాయి. ఆ టేపుల్లో గొంతు ఒక వరసలో, గిటారు మరో వరసలో, డ్రమ్స్ ఇంకో వరసలో విడివిడిగా ఉంటాయి. ఒకదాన్ని చెరిపి, దాని చోట వేరొకటి ఎక్కించవచ్చు. చిక్కంతా అక్కడే వచ్చింది.

1971లో సౌండ్ ఇంజనీరు ఎడ్డీ క్రేమర్, డ్రమ్మరు మిచ్ మిచెల్ కలిసి 'ది క్రై ఆఫ్ లవ్' తెచ్చారు. ఇద్దరూ హెండ్రిక్స్‌తో కలిసి పనిచేసినవారే. 1975లో నిర్మాత అలన్ డగ్లస్ 'క్రాష్ లాండింగ్' తెచ్చాడు. అందులో హెండ్రిక్స్ గొంతునూ గిటారునూ ఉంచి, తోటి వాద్యగాళ్ళ వాయింపు చాలావరకు తీసేసి, ఆయనను ఎన్నడూ కలవని వాళ్ళచేత కొత్తగా వాయింపించాడు. కొన్ని పాటలకు సహరచయితగా తన పేరూ చేర్చుకున్నాడు.

1995లో తండ్రి అల్ హెండ్రిక్స్ న్యాయపోరాటం చేసి హక్కులు తిరిగి పొందాడు. 1997లో 17 పాటలతో 'ఫస్ట్ రేస్ ఆఫ్ ద న్యూ రైజింగ్ సన్' వచ్చింది. హెండ్రిక్స్ అనుకున్న ఆల్బమ్‌కు దగ్గరగా తేవాలన్న ప్రయత్నమది. అయినా ఆఖరి మాట ఆయనది కాదు గదా!

మనకు ఎర్రన ఉన్నాడు. నన్నయ అరణ్యపర్వం నడుమ ఆగిపోతే, 14వ శతాబ్దంలో ఆ ఆగినచోటి నుంచే అందుకున్నాడు. కృతిని రాజరాజనరేంద్రుడికే అంకితమిచ్చాడు. నన్నయ ఎక్కడ ఆగాడో ఈనాటికీ చూపించగలం. పూరించడం వేరు, చెరపడం వేరు.

మీ ఇంట్లో అమ్మమ్మ పాడిన పాత క్యాసెట్టు ఉందా? మధ్యలో దగ్గు వినిపించినా, పాట సగంలో ఆగినా సరే, దాన్ని అలాగే దాచండి. శుభ్రం చేయాలనుకుంటే ముందు నకలు తీసి, ఆ నకలు మీద చేయండి.